తేటనీళ్ళ మూక్కమ్మాళ్

మూక్కమ్మాళ్ పుట్టిన ఊళ్ళో నీళ్ళకి రంగు ఉండేది. కోవిల్‌పట్టికి పడమటి దిక్కున, బస్సు దిగి నల్లరేగడి దారిలో చాలాసేపు నడిస్తే వచ్చే ఊరది. అక్కడ వాన ఏడాదికోసారి మొహం చూపించి పోతుంది. దీపావళి వచ్చే ఐప్పసి మాసంలో పడిన ఆ కాసిని చినుకులూ ఊరి కుంటలో చేరితే అవే తాగాలి, అవే వండుకోవాలి. కుంట నిండిన కొత్తలో ఆ నీళ్ళు టీ రంగులో ఉండేవి. ఎండలు ముదిరేసరికి చిక్కబడి, చెయ్యి ముంచితే వేళ్ళు కనపడేవి కావు.

అలాంటి నీళ్ళతోనూ మనుషులు పరువుగానే బతికారు. దానికి అక్కడి ఆడవాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది. సాయంత్రం పూట ఖాళీ కుండ లోపలి గోడకి చిల్లగింజని గుండ్రంగా అరగదీస్తారు. తర్వాత కుంట నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి, ఎవరి కాలూ తగలని మూల వదిలేస్తారు. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. ఆ తేటని చెయ్యి వణక్కుండా వేరే బిందెలోకి వంచుకోవాలి. అడుగున మిగిలింది గొడ్లకి.

ఇంట్లోవాళ్ళు ఒక్కోసారి సగం తేరిన నీళ్ళే తాగేస్తారు. దాహానికి ఆగే ఓపిక ఎవరికుంటుంది? కానీ గడప తొక్కిన బయటి మనిషికి మాత్రం తేటే ఇవ్వాలి. చుట్టం ముందు కలక నీళ్ళు పెట్టిన ఇంటి సంగతి మర్నాటికల్లా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే ఆడవాళ్ళందరి నోళ్ళలోనూ నానేది. మాడసామి తరఫువాళ్ళు మూక్కమ్మాళ్‌ని చూసుకోవడానికి వచ్చినప్పుడు, అతని మేనత్త నీళ్ళ లోటా వెలుతురుకి పట్టి, అడుగున చెక్కిన పేరు చదవడానికి వీలుందో లేదో చూసిందట. చదువు రాని మనిషి ఆవిడ. అయినా అక్షరాలు కనిపించాయి గనక ఈ పిల్ల చాలు అనేసింది. తన మొహం వాళ్ళు ఆ తర్వాతెప్పుడో చూశారని మూక్కమ్మాళ్ నవ్వుతూ చెప్పుకునేది. నవ్వినా, ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మెడ కొంచెం నిటారుగా లేచేది.

పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కోవిల్‌పట్టిలోనే అగ్గిపెట్టెల పని చేసుకుని బతికారు. తొంభైల మొదట్లో వానలు వరసగా ఎగ్గొట్టాయి. మాడసామి ఉప్పళాల్లో, అంటే ఉప్పు పండించే మడుల్లో, పని దొరుకుతుందని తూత్తుకుడి వైపు బయల్దేరాడు. అక్కడా కుదురుకోక, తీరం వెంట ఇంకా కిందికి పోయి ఒక రేవు పట్నంలో ఆగాడు. ఆ పట్నం పేరు నేను చెప్పను. చెప్తే అక్కడి పెద్దమనుషులు నామీదికొస్తారు, నాకు ఆ ఓపిక లేదు.

వాళ్ళు అద్దెకి దిగిన ఇల్లు బెస్తవాళ్ళ వీధిలో, సముద్రం అరుపు వినపడేంత దగ్గర్లో ఉంది. మూక్కమ్మాళ్‌కి సముద్రమంటే మొదట కోపం వచ్చింది. ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఒక్క కుండెడు పనికిరాకపోవడమేమిటని మాడసామిని నిలదీసింది, అదేదో అతను చేసిన పని అయినట్టు. అలా తమ ఇళ్ళల్లో తరాలుగా మాట్లాడుకునే తెలుగులో తిడుతుంటే పక్కింటి గోడ అవతలనుంచి ఆడ గొంతొకటి తెలుగులోనే నవ్వి, సముద్రం మీద కోప్పడి ఏం లాభం అక్కా అంది. ఇంటి గడప దాటితే అరవమే తప్ప మరోటి వినపడని చోట ఆ మాట విని మూక్కమ్మాళ్ పొయ్యి మీద అన్నం సంగతే మర్చిపోయింది.

ఆ గొంతు సవరియమ్మది. ఆమె మొగుడు అంతోణి పడవా వలా ఉన్న బెస్త. వాళ్ళ తాతలు నరికుడి వైపు మెట్ట ఊళ్ళ నుంచి కరువుకి దిగివచ్చి, సముద్రం పనీ, చర్చి ప్రార్థనా రెండూ ఇక్కడే నేర్చుకున్నవాళ్ళు. ఇంట్లో మాత్రం తెలుగు వదల్లేదు. అంతోణి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ మాడసామి కాలికి ఉప్పళంలో గాయమై, పుండు ముదిరి, తొంభై ఆరులో కన్నుమూస్తే, పాడె ఎత్తడానికి చుట్టాలు రాకముందే వచ్చి ఒక కొమ్ము భుజానికెత్తుకున్నది అతనే. అప్పట్నుంచీ మూక్కమ్మాళ్‌కి అతను సొంత తమ్ముడితో సమానం. అతని వలలో పడ్డ మొదటి చేప ఈవిడ ఇంటికి రాకుండా బజారుకి పోయేది కాదు.

మాడసామి పోయిన మర్నాడు నుంచి పొట్ట గడవాలి గదా. పట్నానికి ఉత్తరం కొసన మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. దాన్ని నడిపే కాంట్రాక్టువాళ్ళు ఊడ్చే మనిషి కావాలంటే ఆవిడ అందులో చేరింది. పట్నంలోని మురుగంతా గొట్టాల్లో అక్కడికి చేరుతుంది. మొదట చెత్త ఆపే ఇనప చట్రాలు, తర్వాత పెద్ద తొట్లు, ఆ తర్వాత మట్టికట్ట వేసిన రెండు చెరువులు. మొదటి చెరువులో గాలి పట్టించి, రెండో చెరువులో నీటిని కదలకుండా నిలబెడతారు. ఆ చివర ఒక తూము, తూము దాటితే రాళ్ళు పరిచిన కాలువ, కాలువ దాటితే సముద్రం.

నియమాలు మంచివే రాసుకున్నారు. రెండో చెరువులో నిలిచిన నీళ్ళే వదలాలి. అది కూడా సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలోనే తూము ఎత్తాలి, అప్పుడైతే నీళ్ళు లోపలికి కొట్టుకుపోతాయి. పోటు మీద వదిలితే అదంతా తిరిగి ఒడ్డుకే చేరుతుంది. సముద్రంలోకి పోయే నీళ్ళు ఎలా ఉన్నాయో చూడటానికి నెలకోసారి తనిఖీ ఆఫీసు నుంచి మనిషి వచ్చి, తూము నోటి దగ్గర నీళ్ళు పట్టుకుపోయి పరీక్ష చేయించాలి. మూక్కమ్మాళ్ ఆయన్ని డబ్బా సారు అనేది, చేతిలో ఎప్పుడూ తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉండేది గనక.

డబ్బా సారు చెడ్డవాడేమీ కాదు. మోకాళ్ళ నొప్పులు, పెద్ద కళ్ళద్దాలు, నెమ్మదైన మనిషి. తూము దగ్గరికి పోవాలంటే పాచి పట్టిన రాళ్ళమీద నడవాలి. ఒకసారి జారి నడుం పట్టేసింది. ఆ తర్వాత ఆయన మూక్కమ్మాళ్‌ని పిలిచి, నేను వచ్చే ముందురోజు కబురు పెడతాను, నువ్వే పట్టి ఉంచమ్మా, నేను తీసుకుపోతాను అన్నాడు. డబ్బా ఆవిడ దగ్గరే వదిలేసి పోయాడు.

ఇప్పుడు మీరు మూక్కమ్మాళ్ అయితే ఏం చేస్తారు? పెద్ద ఆఫీసు మనిషి, బయటి ఊరినుంచి, మన చోటికి వచ్చి మన నీళ్ళు అడుగుతున్నాడు. నల్లగా, ముద్ద ముద్దగా ఉన్నవాటిని అలాగే ముంచి ఆయన చేతిలో పెడతారా? ఆవిడకి అసలు ఆ ఆలోచనే రాలేదు. సాయంత్రం తూము దగ్గర నీళ్ళు ముంచింది. పనిముట్ల గదిలో తన మట్టికుండ ఉంది. దానికి చిల్లగింజ అరగదీసి, నీళ్ళు పోసి, గుడ్డ కట్టింది. పొద్దున్నే తేట వంచి డబ్బా నింపి, పైన తుడిచి, నీడన పెట్టింది. అడుగున మిగిలిన బురదని ప్రహరీ అవతల ఒడ్డున పారబోసింది. డబ్బా సారు వచ్చి, డబ్బా ఎండకి ఎత్తి చూసి, మీ నీళ్ళు బాగున్నాయమ్మా అని మెచ్చుకున్నాడు. ఆ రోజంతా ఆవిడ చీపురు హుషారుగా ఆడింది.

అలా నెలలు పోయాయి, ఏళ్ళు పోయాయి. ఇందులో మోసం ఉందని ఆవిడకి కలలో కూడా తోచలేదు. ఆఫీసువాళ్ళు వెతికేది విషమని ఆవిడ నమ్మకం. ఒంట్లో జబ్బుందేమోనని డాక్టరు నెత్తురు చూసినట్టు, నీళ్ళలో విషముందేమోనని వీళ్ళు చూస్తారు. బురద విషమెలా అవుతుంది? పుట్టినప్పట్నుంచీ తాగిన నీళ్ళన్నిటిలోనూ బురద ఉంది. అది నిలబెడితే దిగిపోయేదే గానీ, నీళ్ళలో భాగమని ఆ మెట్టభూముల్లో ఎవరూ అనుకోరు. ఆవిడ కూడా అనుకోలేదు, అంతే.

ఈలోగా పట్నం పెరిగింది. గొట్టాలు పెరిగాయి, చెరువులు పెరగలేదు. కాంట్రాక్టువాళ్ళు ఒకసారి రెండో చెరువులో నీళ్ళు నిలవకముందే వదిలారు, ఇంకోసారి పోటు మీద తూము ఎత్తారు. మొదట్లో దొంగచాటుగా చేసినది తర్వాత అలవాటైంది. నెలనెలా డబ్బాలోని నీళ్ళు మాత్రం పరీక్షలో నెగ్గుతూనే ఉన్నాయి.

ఒడ్డున బతికేవాళ్ళకి పరీక్షలు అక్కర్లేదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గుల్లలు ఏరే ఆడవాళ్ళకి కాళ్ళు దురద పెట్టి, గోకితే పుళ్ళు పడ్డాయి. సవరియమ్మ కాళ్ళకి వేపాకు నూరి కట్టింది మూక్కమ్మాళే. ఒడ్డు దగ్గర దొరికే చిన్న చేప దూరం పోయింది. అంతోణి వల లాగితే నల్లటి జిగురు వచ్చేది, దాన్ని కడగడానికే పొద్దంతా సరిపోయేది. అతను కేంద్రానికి వెళ్ళి అడిగాడు, పట్నంలో పెద్దల్ని అడిగాడు, మనుషుల్ని కూడగట్టి తనిఖీ ఆఫీసుకీ వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే జవాబు వచ్చింది. పరీక్ష చేశాం, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నువ్వు చెప్పేది అబద్ధం.

నోట్లో నాలుక లేని మనిషిని అబద్ధాలకోరు అంటే అది ఎంత లోతుకి దిగుతుందో అన్నవాళ్ళకి తెలీదు. చేపల బజార్లో జనం, అంతోణి చెప్పాడంటే సగం తీసేసి వినాలి అని నవ్వేవారు. చర్చిలో పక్కన కూర్చునేవాళ్ళు కూడా ఆ నవ్వులో కలిశారు. మూక్కమ్మాళ్‌కి ఒళ్ళు మండేది. అంతోణి అబద్ధం ఆడడని వీధంతా తిరిగి వాదించేది. సవరియమ్మని కూర్చోబెట్టి, ఆ డబ్బా సారు నెమ్మదైన మనిషి, ఎప్పటికైనా ఆ పరీక్షలోనే నిజం బయటపడుతుంది చూడు అని ధైర్యం చెప్పేది. ఆ ధైర్యం చెప్పి, మర్నాడు కబురొస్తే వెళ్ళి కుండకి చిల్లగింజ అరగదీసేది. ఇంతకన్నా గుడ్డితనం ఉంటుందా అంటే, ఉండదు. కానీ మన గుడ్డితనం మనకి ఎప్పుడు కనిపించింది గనక.

రెండువేల రెండు చివర్లో కాంట్రాక్టువాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఇన్నేళ్ళుగా నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కదా, ఇక రెండో చెరువుతో పనేముంది, దాన్ని తప్పించి, ఆటు పోటు చూడకుండా పగలూ రాత్రీ తూము ఎత్తి ఉంచడానికి అనుమతి ఇవ్వండని అడిగారు. ఆ సంగతి తెలిసిన వారంలోనే అంతోణి నలుగురిని వెంటేసుకుని పట్టపగలు పోయి, తూము నోట్లో బండరాళ్ళు దొర్లించి మూసేశాడు. మురుగు వెనక్కి తన్ని రెండు చెరువుల కట్టలూ తెగినంత పనైంది. మిగతావాళ్ళు పారిపోయారు. అంతోణి ఆ రాళ్ళమీదే కూర్చున్నాడు, పోలీసులు వచ్చేదాకా.

కేసు అతని ఒక్కడి మీదే పడింది. తూము సంగతీ, అంతోణి సంగతీ రెండూ కలిపి ఒక పెద్ద అధికారి విచారణ చేస్తారని తేదీ వేశారు. నీళ్ళు శుభ్రమని తేలితే తూము ఇక మూతపడదు, అంతోణి జైలుకి పోతాడు. అతని కొడుకుని బళ్ళో కూడా నువ్వు అబద్ధాలకోరు కొడుకువా అంటారు. వీధిలో అందరికీ తెలిసిన లెక్క ఇది. డబ్బాలో నీళ్ళు నెగ్గాయంటే అంతోణి ఓడినట్టే.

సరిగ్గా ఆ రోజుల్లోనే విరుదునగర్‌లో ఉన్న అన్న లక్ష్మణసామికి జ్వరమని తెలిసి మూక్కమ్మాళ్ చూడ్డానికి పోయింది. లక్ష్మణసామి అక్కడ పప్పు మిల్లులో పని చేసేవాడు. అతని కూతురు సత్యప్రియ కాలేజీలో రసాయన శాస్త్రం చదువుతోంది. ఆ కుటుంబంలో అంత చదువు ముట్టుకున్నది ఆ పిల్లే. మధ్యాహ్నం అన్నాలయ్యాక నాన్న నిద్రపోతుంటే, ఆ పిల్ల మేనత్త కాళ్ళ దగ్గర కూర్చుని కాలేజీ ముచ్చట్లు చెప్పింది. బజారు వెనక సాగే మురుగు కాలువ నుంచి నీళ్ళు ముంచుకొచ్చి, సన్నటి కాగితం గుండా వడగట్టి, కాగితం మీద నిలిచిన మట్టిని ఆరబెట్టి, చిన్న తక్కెడలో తూచారట. అలా తూస్తే నీళ్ళు ఎంత చెడ్డవో తెలుస్తుందని చెప్పింది.

మూక్కమ్మాళ్ నవ్వింది. మట్టిని తూచడమేమిటి, నిలబెడితే దిగిపోయేదాన్ని అంది.

"మట్టినే తూసేది అత్తా," అంది సత్యప్రియ. "నీల్లలో ఎంత మురికి కలిసి పోతుండాదో అదే కద తెలవాల."

మూక్కమ్మాళ్ నవ్వు ఆపింది. తమ దగ్గరికి వచ్చే డబ్బా సారు చేసే పరీక్ష కూడా ఇదేనా అని అడిగింది. ఇంకా ఉంటాయి గానీ మొదటిది ఇదేనని పిల్ల చెప్పింది.

"తేర్చి, పైన నీల్లు మాత్రం ఇస్తే?"

"తేర్చి ఇస్తే ఇంకేముంటాది అత్తా, అంతా అడుగునే నిలిచిపోతాది. ఆనా ఎవురు తేరుస్తారు? సముద్రంలోకి పోయేది తేర్చి పోదు కద."

ఆ పిల్లకి ఏమీ తెలీదు పాపం. మామూలుగా చెప్పి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. మూక్కమ్మాళ్ గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయింది. ఎండలో ఆరేసిన మిరపకాయల ఘాటు వాకిట్లోంచి వస్తోంది. అన్న దగ్గు వినపడుతోంది. ఆవిడకి మాత్రం సవరియమ్మ కాళ్ళమీది పుళ్ళు కళ్ళ ముందు నిలిచాయి. వేపాకు నూరిన చేతులూ, చిల్లగింజ అరగదీసిన చేతులూ ఇవే. కాఫీ తాగకుండానే సంచీ తీసుకుని బస్టాండుకి పోయింది.

బస్సు సాత్తూరు దాటి కోవిల్‌పట్టిలో చాలాసేపు ఆగింది. వేరుశనగ మిఠాయి అమ్మేవాళ్ళు కిటికీల కింద తిరుగుతున్నారు. ఇక్కడే దిగిపోతే ఏం పోయిందని ఆవిడ మనసు లాగింది. ఊరికి పోయి, మళ్ళీ అగ్గిపుల్లలు పేర్చుకుంటూ, అంతోణి మొహం చూడకుండా బతికేయొచ్చు. కుండ సంగతి డబ్బా సారుకే తెలీదు, ఇంకెవరికి తెలుస్తుంది? సంచీ ఒళ్ళోకి తీసుకుంది. సీట్లోంచి సగం లేచింది కూడా. అప్పుడు ఆవిడకి మాడసామి పాడె గుర్తొచ్చింది, దాని కింద అంతోణి భుజం గుర్తొచ్చింది. బస్సు కదిలేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంది. తనమీద తనకి ఇంత అసహ్యం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

పట్నం చేరాక మొదట కేంద్రంలో సూపర్వైజరుకి చెప్పింది. అతను తలుపు దగ్గరికి వేసి, నిన్నెవరైనా అడిగారా అన్నాడు. ఈ ఏడు నీ ఉద్యోగం ఖాయం చేయించేది నేనే, నోరు మూసుకుని ఊడ్చుకో అన్నాడు. తర్వాత డబ్బా సారుకి చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. రాళ్ళ మీద నడవాల్సింది నేను గదమ్మా అన్నాడు. నువ్వు చెప్తే నేనూ మునుగుతాను, చెప్పొద్దని అనలేను, నీ ఇష్టం అని తల దించుకున్నాడు. తిట్టి ఉంటే ఆవిడకి తేలికయ్యేది.

చెప్పాల్సిన అసలు మనిషికి మాత్రం చెప్పలేకపోయింది. అంతోణి ఇంటికి చెప్పేద్దామనే పోయేది. గడపలో నిలబడగానే మాట మార్చి, కాస్త చింతపండు ఉందా అని అడిగి, పట్టుకొచ్చేది. సవరియమ్మ రెండోసారి చింతపండు ఇస్తూ, రోజూ పులుసేనా అక్కా అని నవ్వింది. ఆ నవ్వు మొహం ముందు నిజం చెప్పడానికి మూక్కమ్మాళ్‌కి ధైర్యం చాల్లేదు.

ఆ తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. లేకపోతే మీరు ఉద్యోగం ఏమైంది, తూము ఏమైంది అని వాటికోసం చూస్తూ అసలు మాట వినరు. మూక్కమ్మాళ్ ఉద్యోగం పోయింది. డబ్బా సారుని వేరే చోటికి మార్చారు. పాత పరీక్షలన్నీ పక్కన పెట్టి, కొత్త మనిషి వచ్చి, స్వయంగా రాళ్ళమీద నడిచి, వీధివాళ్ళ కళ్ళముందు నీళ్ళు ముంచాడు. ఆ నీళ్ళు ఓడిపోయాయి. రెండో చెరువు నిలిచింది, దాని పక్కన మూడోది తవ్వమన్నారు. తూము ఆటు సమయంలోనే ఎత్తాలని, ఎత్తేటప్పుడు బెస్తవాళ్ళ మనిషి ఒకరు దగ్గరుండాలని షరతు పెట్టారు. సముద్రం ఒక్కరోజులో బాగుపడలేదు, ఇప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. అంతోణి జైలుకి పోలేదు. ఇవన్నీ జరిగాయి గానీ, మూక్కమ్మాళ్ బతుకంతటికీ ముఖ్యమైనది వీటిలో ఏదీ కాదు. అది విచారణ రోజు మధ్యాహ్నం జరిగింది.

ప్రభుత్వ బంగళా హాల్లో విచారణ. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. ముందు వరసల్లో కాంట్రాక్టువాళ్ళూ, వాళ్ళ ప్లీడరూ. గోడ పక్కన వీధి జనం. అంతోణి ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి వచ్చిన పరీక్షల ఫలితాలు చదివి వినిపించారు. ప్రతిదీ శుభ్రమే. అధికారి అంతోణి వైపు చూసి, దీనికి ఏమంటావని అడిగాడు. నీళ్ళు నల్లగా ఉంటాయి సామీ అని మాత్రం అన్నాడు అంతోణి. ముందు వరసలో ఎవరో సన్నగా నవ్వారు. ఇంకెవరైనా చెప్పేదుందా అని అధికారి లాంఛనంగా అడిగి, కలానికి మూత పెట్టబోయాడు.

వెనకనుంచి మూక్కమ్మాళ్ లేచింది. ఆవిడ పేరు ఎవరూ పిలవలేదు. ముందు కుర్చీ పట్టుకుంది. తనకు వచ్చిన అరవంలో, వరస తప్పకుండా, సాయంత్రం ముంచడం నుంచి పొద్దున డబ్బా తుడిచి నీడన పెట్టడం దాకా చెప్పింది. చిల్లగింజ మాట వచ్చేసరికి హాలంతా నవ్వింది. వీధివాళ్ళు కూడా నవ్వారు, ముసల్దానికి మతి చెడిందనుకుని. అధికారి నవ్వలేదు. ఎవరు చెయ్యమన్నారని అడిగాడు. ఎవరూ చెయ్యమనలేదంది. మరి ఎందుకు చేశావంటే, బయటినుంచి వచ్చిన మనిషికి కలక నీళ్ళు ఎలా ఇస్తాను సామీ అంది.

అధికారి మళ్ళీ, తేట ఇచ్చేశాక అడుగున మిగిలినదాన్ని ఏం చేసేదానివి అని అడిగాడు.

ఇది ఆవిడ ఊహించని ప్రశ్న. ఇన్ని రోజులూ తేట గురించే కుమిలింది గానీ, మిగిలినదాని గురించి ఆలోచించలేదు. అడిగాక గానీ అదీ కళ్ళకి కట్టలేదు. ప్రహరీ అవతల, గుల్లలు ఏరడానికి ఆడవాళ్ళు దిగే చోట పారబోసేదాన్ని అని చెప్పింది. 

హాల్లో నవ్వు ఆగిపోయింది. సవరియమ్మ తల పక్కకి తిప్పుకుంది. అంతోణి మాత్రం మూక్కమ్మాళ్ వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ పొరుగులో అతను ఆవిడని అలా చూసింది లేదు. పోలీసుల ముందూ, అధికారుల ముందూ పెరగని గొంతు ఇప్పుడూ పెరగలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగులో, ఆవిడకీ సవరియమ్మకీ మాత్రమే అర్థమయ్యేలా అన్నాడు.

"ఆ సారుకి తేట పోస్తివి అక్కా. మాకి అడుగు పోస్తివి."

మూక్కమ్మాళ్ తలెత్తలేదు.  తిట్టినా కొట్టినా నిలబడదామని వచ్చిన మనిషి, ఆ మాటకి కూడా అలాగే నిలబడింది. 

అధికారికి తెలుగు రాదు. ఆమెతో ఏమన్నావని అంతోణిని అడిగాడు. నువ్వన్న మాట కూడా రాసుకోవాలి, ఇక్కడ అన్నది ఏదైనా రాసుకోవాలి అన్నాడు. ముందు వరసలో ప్లీడరు చెవులు రిక్కించాడు. ఆ మాట అరవంలోకి మార్చి చెప్తే, సముద్రాన్ని పాడుచేసిన నేరం కాంట్రాక్టు మీదనుంచి జారి ఈ ఊడ్చే ఆడమనిషి నెత్తిన పడుతుంది. అంతోణికి అది తెలుసు.  అధికారి వైపు తిరిగి అరవంలో చెప్పాడు.

"అది మా ఇంటి మాట సామీ. ఎవరూ పిలవకుండా తానే వచ్చి చెప్పింది. అది రాసుకోండి."

అధికారి రాసుకున్నాడు. కలం కాగితం మీద కదులుతుంటే, మూక్కమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతమందిలోనూ ఏడ్చింది.